నగరం పొలం గట్టు దాకా వచ్చినప్పుడు: అమ్మాలా, డెవలప్‌మెంట్‌కు ఇవ్వాలా, సాగు చేసుకోవాలా?

హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు బయట, రాబోయే రీజినల్ రింగ్ రోడ్డుకు లోపల ఉన్న ఊళ్లలో రెండు మూడెకరాల రైతు ఇంటి గడపకు మధ్యవర్తి రాని వారం ఉండదు. వచ్చినవాడు అడిగేది ఒకే మాట: ఎకరం ఎంతకు ఇస్తారు? ఇంట్లో కూడా చర్చంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. నా ఉద్దేశంలో ముందుగా వేసుకోవలసిన లెక్క వేరే ఉంది. భూమి చేతులు మారిన ఆరు నెలలకు ఈ ఇంట్లో ఎవరికి ఏ పని ఉంటుంది, రోజువారీ ఖర్చులకు డబ్బు ఎవరి చేతికి, ఎక్కడినుంచి వస్తుంది అన్నది తేల్చుకున్న తర్వాతే ధర గురించి మాట్లాడాలి. ఈ వ్యాసంలో ఒక్కో మార్గాన్నీ ఆ కొలతతోనే పోల్చి చూస్తాను.

ఈ కొలత నాకు మా మేనమామ ఇంట్లో తెలిసింది. చేవెళ్ల వైపు ఒక ఊళ్లో వాళ్లకు మూడెకరాలు ఉండేది. అందులో బోరు కింద ఒక ఎకరంలో పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేసేవారు. సాయంత్రం కోసిన ఆకుకూరను అత్త తడిపిన గోనె మీద పరచి, రాత్రి పది గంటల దాకా కట్టలు కట్టి, తెల్లవారుజామున ఆటోలో మెహిదీపట్నం రైతుబజారుకు తీసుకువెళ్లేది. తిరిగి వచ్చాక పిల్లల పాత నోటుబుక్కులో ఆనాటి రాబడిని రాసేది: 620, 740, వానపడ్డ రోజు 310. మూడెకరాలూ ఒకే బేరంలో అమ్మిన తర్వాత ఆ పుస్తకంలో రాత ఆగిపోయింది. బ్యాంకులో డబ్బు మామ పేరున పడింది. ముప్పై ఏళ్లు ఇంటి ఖర్చును తన చేతులతో నడిపిన మనిషి, గ్యాస్ సిలిండరుకు కూడా భర్తను అడగవలసి వచ్చింది. ఎకరం ధర కట్టేటప్పుడు ఆ నోటుబుక్కును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పోల్చే ముందు భూమి స్వభావం తేల్చుకోవాలి

అన్ని భూములకూ అన్ని మార్గాలూ తెరిచి ఉండవు. మీది సొంత పట్టా అయితే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటైన భూభారతి పోర్టల్‌లోని వివరాలు, పాసుపుస్తకంలోని విస్తీర్ణం, పొలంలో మీ కబ్జాలో ఉన్న విస్తీర్ణం మూడూ ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తేడా ఉంటే బేరానికి ముందే సర్వే చేయించి హద్దులు తేల్చుకోవాలి. బయానా తీసుకున్న తర్వాత బయటపడే ప్రతి గుంట తేడాకూ కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు.

ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 నాటి బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకుని పావు ధరకు తీసుకునేవారు ప్రతి మండలంలోనూ ఉంటారు. అలాంటి బేరం వల్ల భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది, వచ్చిన కొద్ది డబ్బు నిలిచేదీ కాదు. ఆ భూమి ఉన్నవారికి నా సలహా ఒక్కటే: సాగు చేసుకోండి, రాతకోతల జోలికి పోవద్దు.

చెరువు పక్కన పొలం ఉన్నవారు ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు ఎక్కడిదాకా ఉందో మ్యాపులో చూసుకోవాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తర్వాత ఈ హద్దుల్లో కట్టిన కట్టడాలకు భద్రత లేదు. కాబట్టి అక్కడ గోదాము కడదాం, గదులు కడదాం అనే ఆలోచనే పెట్టుకోకూడదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో పరిధిలోని 84 గ్రామాల వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2022లో 69 జీవోతో ఆంక్షలను షరతులతో సడలించినా, చేతిలో అనుమతి పత్రం లేకుండా కేవలం ఆశ మీద కట్టే ధరలను నమ్మి ఇల్లు, పెళ్లి ఖర్చులు నిర్ణయించుకోకూడదు.

ఇంకొక మాట, దీన్ని చాలా ఇళ్లలో చివరిదాకా దాచిపెడతారు. పిత్రార్జితంలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా వాటా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి చట్టం ఆ మాట చెబుతోంది. చెల్లెళ్లను పిలవకుండా చేసిన అమ్మకం కోర్టుకెక్కితే డబ్బు, భూమి రెండూ ఏళ్ల తరబడి ఇరుక్కుంటాయి. అది అటుంచినా, ఆ వాటా వాళ్లదే కదా.

మొత్తం అమ్మేయడం

అమ్మకానికి అనుకూలంగా ఉన్న వాదనను తక్కువ చేయను. అప్పు వడ్డీలు తినేస్తున్న ఇంటికి, ఇద్దరూ ముసలివాళ్లై పిల్లలు సాగులోకి రామని తేల్చి చెప్పిన ఇంటికి, వైద్యం కోసం పెద్ద మొత్తం కావలసిన ఇంటికి అమ్మకమే దారి కావచ్చు. కాగితం మీద లెక్క కూడా అమ్మకం వైపే మొగ్గుతుంది. ఎకరం కోటి రూపాయలు అనుకుంటే, ఏడు శాతం వడ్డీ మీద ఏడాదికి ఏడు లక్షలు వస్తాయి. ఆకుకూరల ఎకరం అంత నికరంగా ఇవ్వడం అరుదు.

అయితే ఆ కోటి కోటిగా నిలవదు. రెండెకరాలు రెండు కోట్లకు అమ్మిన ఇంటిని ఉదాహరణగా ఊహించుకుందాం. మధ్యవర్తికి రెండు శాతం అంటే 4 లక్షలు. ఆ భూమిలో పిత్రార్జితంగా వచ్చిన భాగం మేరకు చెల్లెలి వాటా 40 లక్షలు. పాత అప్పులు 10 లక్షలు. ఇల్లు 60 లక్షలు. కూతురి పెళ్లి 25 లక్షలు. పన్ను 15 లక్షలు. మిగిలేది 46 లక్షలు. దాని మీద ఏడు శాతం వడ్డీ నెలకు 27 వేల లోపే. ధరలు పెరిగేకొద్దీ ఆ 27 వేలకు వచ్చే సరుకులు తగ్గుతూ పోతాయి. ఈ ఖర్చుల్లో ఏదీ దుబారా కాదని గమనించండి, కారు కూడా ఇందులో లేదు. అమ్మే ముందు ప్రతి ఇంట్లోనూ సొంత అంకెలతో ఈ లెక్కను భార్యాభర్తలు, పెద్ద పిల్లలు కలిసి కూర్చుని కాగితం మీద వేయాలి.

పన్ను విషయంలో ఊళ్లలో ఒక పొరపాటు నమ్మకం పాతుకుపోయింది. వ్యవసాయ భూమికి పన్ను లేదన్నది గ్రామీణ భూమికే వర్తిస్తుంది. పది లక్షలకు మించి జనాభా ఉన్న నగరపాలక సంస్థ హద్దునుంచి గగనమార్గంలో 8 కిలోమీటర్ల లోపు ఉన్న పొలానికీ, పదివేలు దాటిన మున్సిపాలిటీ లోపలి పొలానికీ మూలధన లాభం మీద పన్ను పడుతుంది. నగరం హద్దు జరిగిన ప్రతిసారీ ఈ గీత కూడా బయటికి జరుగుతుంది. నిన్న గ్రామీణమైన భూమి నేడు కాకపోవచ్చు. అయితే రెండేళ్లపాటు సాగు చేసిన భూమిని అమ్మి, రెండేళ్లలోపు మరొకచోట వ్యవసాయ భూమి కొంటే ఆ మేరకు మినహాయింపు ఉంది. ఇల్లు కొన్నా షరతులతో మినహాయింపు దొరుకుతుంది. అగ్రిమెంటుకు ముందే చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవాలి, ఆయనకిచ్చే ఫీజు వృథా పోదు.

రిజిస్ట్రేషన్ విలువ తక్కువ రాయించి మిగతాది నగదుగా ఇస్తామంటే ఒప్పుకోవద్దు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఆ నగదుతో రేపు పక్క మండలంలో పొలం కొనాలన్నా లెక్క చూపలేరు. మరొక ముఖ్యమైన సంగతి: వ్యవసాయ భూమికి తహసీల్దార్ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ అయిన వెంటనే మ్యుటేషన్ కూడా జరిగిపోతుంది, సంతకం పెట్టి బయటికి వచ్చేసరికి భూమి మీ పేరున ఉండదు. అందువల్ల చివరి రూపాయి బ్యాంకు ఖాతాలో జమ అయిన తర్వాతే వేలిముద్ర వేయాలి. చెక్కు చేతిలో పెట్టుకుని వేలిముద్ర వేసిన మా మామ, ఆఖరి 18 లక్షల కోసం పద్నాలుగు నెలలు తిరిగాడు.

బయానా అగ్రిమెంటులో గడువు తేదీని, ఆ తేదీ దాటితే ఏమవుతుందో స్పష్టంగా రాయించాలి. పదో వంతు డబ్బిచ్చి, ఆరు నెలల్లో ఆ భూమినే మరొకరికి ఎక్కువ ధరకు చూపే వ్యాపారం ఇక్కడ మామూలే. పూర్తి డబ్బు రాకముందు స్వాధీనం గానీ, మీ తరఫున భూమి వ్యవహారాలు నడిపే అధికారపత్రం (జీపీఏ) గానీ ఇవ్వకూడదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికిందని చెప్పి ఆశపెట్టేవారు, కొన్నాళ్లలో పడిపోతుందని భయపెట్టేవారు ఇద్దరూ మీ చేత తొందరపాటుగా సంతకం పెట్టించాలనే చూస్తారు. అక్కడ వేలం వేసింది రోడ్లు, నీరు, కరెంటు, అనుమతులు అన్నీ సిద్ధమైన భూమిని. దానికీ ఊరిబయటి చెల్కకూ పోలిక పెట్టడం న్యాయం కాదు.

డెవలప్‌మెంట్‌కు ఇవ్వడం

భూమి మీది, ఖర్చు బిల్డరుది, వచ్చిన ప్లాట్లు లేదా ఫ్లాట్లు ఇద్దరివి. లేఅవుట్ అయితే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. ఎకరం 4,840 గజాలు. రోడ్లు, పార్కు, ఇతర అవసరాలకు పోగా 2,700 నుంచి 2,900 గజాలు ప్లాట్లుగా మిగులుతాయి. సగం వాటా అంటే రైతుకు 1,400 గజాల దరిదాపు. అమ్మకంతో పోలిస్తే దీనిలో ఉన్న పెద్ద మేలు, అవసరం వచ్చినప్పుడు ఒక్కో ప్లాటును విడిగా అమ్ముకోగలగడం. కూతురి చదువుకు ఒకటి అమ్మితే, మిగతావి అలాగే ఉంటాయి. డబ్బు ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చి ఒక్కసారిగా వెళ్లిపోయే ప్రమాదం తక్కువ.

కష్టం మధ్యకాలంలో ఉంది. అగ్రిమెంటు అయిన రోజునే పొలం చుట్టూ ప్రహరీ లేస్తుంది, సాగు ఆగుతుంది. నాలా కన్వర్షన్ అయిన, అంటే వ్యవసాయేతర భూమిగా మార్చిన భూమికి ఎకరాకు ఏడాదికి 12 వేల రైతుభరోసా రాదు, ఉచిత వ్యవసాయ కరెంటు ఉండదు. పాసుపుస్తకంలో భూమే లేకుండా పోతే, 18 నుంచి 59 ఏళ్ల రైతు చనిపోయినప్పుడు కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే రైతుబీమా కూడా పోతుంది. పనులు మూడేళ్లలో పూర్తవుతాయన్న మాట అయిదేళ్లకు సాగడం అరుదేమీ కాదు. అన్నాళ్లూ తిండి ఎలా అన్న ప్రశ్నకు జవాబు లేని ఇల్లు ఈ దారి పట్టకూడదు. జవాబు ఉంటే మాత్రం, నా లెక్కలో మొత్తం అమ్మకం కంటే ఇది మేలు.

ఒప్పందంలో చూసుకోవలసినవి న్యాయవాది చేత చదివించి తెలుగులో విని అర్థం చేసుకోవాలి. మీ వాటా ప్లాట్లు లేదా ఫ్లాట్లు నంబర్లతో సహా అనుబంధ ఒప్పందంలో రావాలి. బిల్డరుకిచ్చే జీపీఏ అతని వాటాకే పరిమితమై ఉండాలి. మీ వాటాను బ్యాంకులో తాకట్టు పెట్టే హక్కు ఉండకూడదు. అపార్టుమెంటు అనుమతి కోసం కట్టడంలో పదిశాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టాలి, ఆ పదిశాతం అతని వాటానుంచే పోవాలని రాయించాలి. గడువు దాటితే నెలకింత పరిహారం అన్న షరతు అంకెతో ఉండాలి. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకముందే ప్రీలాంచ్ పేరుతో, విడదీయని వాటా పేరుతో అమ్మకాలు మొదలుపెట్టే బిల్డరుకు భూమి ఇవ్వవద్దు. రేపు కొన్నవాళ్లు రోడ్డెక్కితే, ఆ భూమి ఎవరిదని అడుగుతూ మీ ఇంటికే వస్తారు.

హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ల్యాండ్ పూలింగ్ కూడా ఇదే కోవలోది, బిల్డరు స్థానంలో ప్రభుత్వ సంస్థ ఉంటుంది. ప్లాట్లుగా మారిన విస్తీర్ణంలో 60 శాతం రైతుకు ఇచ్చే పద్ధతి ప్రకారం ఎకరాకు సుమారు 1,740 గజాలు వస్తాయి. వాటా ఎక్కువ, కాగితాల భద్రత ఎక్కువ, నిరీక్షణ కూడా ఎక్కువే. ఉప్పల్ భగాయత్ రైతులు ప్లాట్లు చేతికి రావడానికి ఏళ్ల తరబడి ఎదురుచూశారు. వేరే ఆదాయం ఉన్న కుటుంబానికి ఇది మంచి మార్గం.

అద్దెకు ఇవ్వడం, గదులు కట్టడం

రోడ్డు పక్క భూమి ఉన్నవారు గోదాముకు, నర్సరీకి, కాంక్రీటు మిక్సింగ్ ప్లాంటుకు అద్దెకు ఇస్తున్నారు. వీటిలో నర్సరీ ఒక్కటే నేలను నేలగా ఉంచుతుంది. మిక్సింగ్ ప్లాంటు, ఇటుకబట్టీ వదిలి వెళ్లిన నేలలో మళ్లీ ఆకుకూర మొలవాలంటే ఏళ్లు పడుతుంది. ఏడాదికి మించిన లీజును తప్పక రిజిస్టర్ చేయించాలి.

పొలం జోలికి పోకుండా ఊళ్లోని ఇంటి జాగాలో నాలుగైదు గదులు కట్టి అద్దెకివ్వడం నాకు అన్నిటికంటే నచ్చిన చిన్న మార్గం. ఆదిభట్ల, శంషాబాద్, పటాన్‌చెరు చుట్టుపక్కల పనికి వచ్చిన ఇతర రాష్ట్రాల కూలీలకు, చిన్న ఉద్యోగులకు గదులు కావాలి. నెలనెలా వచ్చే అద్దె సాధారణంగా ఇంట్లోని ఆడమనిషి చేతికే అందుతుంది. నీళ్లు, మరుగుదొడ్లు సరిగా కట్టాలి, పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతి తీసుకోవాలి. అంతకు మించిన చిక్కు లేదు.

సాగులోనే ఉండటం

నగరం దగ్గరికి రావడం సాగుకు కీడే అనుకోవలసిన పనిలేదు. మార్కెట్ దగ్గరవుతుంది. మెంతికూర నెలలోపే కోతకు వస్తుంది, పాలకూరను ఒకసారి వేసి పలుమార్లు కోయవచ్చు. పొద్దున కోసింది గంటన్నరలో రైతుబజారుకు చేరగల ఊరికి ఉన్న అదను దూరపు జిల్లాలకు లేదు. చామంతి, గులాబీ పెట్టినవారికి గుడిమల్కాపూర్ ఉంది, ఎక్కువ పరిమాణంలో కూరగాయలకు బోయిన్‌పల్లి ఉంది. వరి, పత్తి వదిలి ఆకుకూర, పూలు, పశుగ్రాసం, పాలు అనే నాలుగింటిలో రెండు కలుపుకున్న ఎకరం నిలబడగలదు. మూసీ దిగువన పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు మురుగునీటి మీద పశువుల గడ్డి పెంచి ఎన్నో కుటుంబాలు దశాబ్దాలుగా బతికాయి. ఆ నీటితో మనుషులు తినే ఆకుకూర పెంచడం మాత్రం తగదు.

కీడు మరోవైపు నుంచి వస్తుంది. పక్క పొలం వెంచర్ అయితే ఊరి నక్షాలో ఉన్న పొలం బాట మూసుకుపోతుంది, వాగు మళ్లిస్తే మీ పొలంలో నీళ్లు నిలుస్తాయి, చుట్టూ వందల బోర్లు పడితే మీ బోరు ఎండుతుంది, కూలీలు మేస్త్రీ పనికి వెళ్లిపోతారు. అందుకే ఒంటరిగా మిగిలిన ఎకరం కంటే, నలుగురు పక్కపక్క రైతులు కలిసి నిలబెట్టుకున్న అయిదెకరాలు ఎక్కువ కాలం సాగులో ఉంటాయి. బాట, కాలువ నక్షాలో ఉంటే వాటి నకలు తీసి పెట్టుకోవాలి. మూసిన రోజునే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. రైతుబజారు గుర్తింపు కార్డు సొంతంగా పండించేవారికే ఉంటుంది. భూమి పోతే ఆ కార్డు, దానితోపాటు ఆడవాళ్ల వ్యాపారం కూడా పోతాయన్నది గుర్తుంచుకోవాలి.

భూమి లేనివారి సంగతి

ఈ బేరాల్లో ఎక్కువ నష్టపోయేది సంతకం అవసరం లేనివాళ్లు: కౌలు రైతులు, కూలీలు, గొర్రెల కాపరులు, గీత కార్మికులు, చెరువు మీద బతికే మత్స్యకారులు. వారికి ఎంచుకోవడానికి మార్గాలు తక్కువే ఉన్నా, చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కౌలు మాట నోటితో సరిపెట్టకుండా, అమ్మకం జరిగినా చేతిలో ఉన్న పంట కోసుకునే దాకా గడువుండాలని ఒక కాగితం రాయించుకోవాలి. కౌలు చెల్లించిన రసీదులు, ఎరువుల బిల్లులు, పంట అమ్మిన చీటీలు మూడేళ్లవి దాచిపెట్టాలి. ప్రభుత్వమే భూమిని సేకరిస్తే 2013 భూసేకరణ చట్టం, మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడిన కౌలుదారునూ కూలీనీ ప్రభావిత కుటుంబంగానే గుర్తిస్తుంది. ఆ రుజువు ఈ కాగితాలే. ప్రైవేటు అమ్మకంలో ఆ రక్షణ లేదు.

2024 సెప్టెంబరులో నగరం చుట్టూ ఉన్న 51 గ్రామపంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. ఊరు మున్సిపాలిటీ అయితే గ్రామీణ ఉపాధి పని ఉండదు, ఎండాకాలంలో ఆ కూలి మీద ఆధారపడిన ఆడవాళ్లకు అది తక్షణ దెబ్బ. విలీనం మాట వినిపించగానే మహిళా సంఘం ద్వారా కుట్టుపని, గేదె, కూరగాయల బండి వంటి వాటికి రుణం ప్రయత్నించడం మంచిది. పని ఆగిపోయాక వెతికితే అప్పటికి ఇంట్లో అప్పు మొదలై ఉంటుంది.

ఏ ఇంటికి ఏది

మూడెకరాలు, బోరులో నీళ్లు, పనిచేసే భార్యాభర్తలు ఉన్న ఇంటికి నేను చెప్పేది: నీళ్లున్న ఎకరాన్ని ఉంచుకోండి, రోడ్డు వైపు ఎకరాన్ని డెవలప్‌మెంట్‌కు ఇవ్వండి, మూడో ఎకరం నిర్ణయాన్ని మొదటి ప్లాట్లు చేతికి వచ్చేదాకా వాయిదా వేయండి. ఎకరం ఎకరమున్నర మాత్రమే ఉండి అప్పులున్న ఇల్లు, అప్పు తీరేంత మేరకు గుంటల లెక్కన అమ్మడానికి మొదట ప్రయత్నించాలి. మొత్తం కలిపి అమ్మితేనే కొంటామని మధ్యవర్తి అంటే, మరొక మధ్యవర్తిని చూడాలి. నీళ్లు లేక, సాగు చేసేవారు లేక పడావు పెట్టిన చెల్కకు పూలింగ్ గానీ, నర్సరీ అద్దె గానీ సరిపోతుంది. పూర్తిగా అమ్మక తప్పని వృద్ధ దంపతులు, వచ్చిన డబ్బులో కొంత భాగంతో ఇంకా దూరంలో, వికారాబాద్ వైపో యాదాద్రి వైపో, నీళ్లున్న చిన్న కమతం కొంటే పన్నులోనూ కొంత తగ్గుతుంది, పాసుపుస్తకమూ ఉంటుంది.

ఏ దారి పట్టినా, రిజిస్ట్రేషన్‌కు ముందే భార్య పేరున విడిగా ఒక డిపాజిట్ ఖాతా తెరిపించి, నెలనెలా వడ్డీ ఆమె ఖాతాలోనే పడేలా బ్యాంకులో రాయించండి. ఆ మొత్తం ఎంత ఉండాలో తేల్చుకోవడానికి, గడిచిన ఏడాదిలో ఆకుకూర, పాలు, కూలి కలిపి ఆమె ఇంటికి తెచ్చిన రాబడిని ఆమెనే అడిగి, ఒక కాగితం మీద నెలలవారీగా రాసుకుని బ్యాంకుకు వెళ్లండి.